ఎడమ మర

తూర్పుపాలెం,
వినుకొండ తాలూకా.
12–11–1959

చలమయ్యకు,

పందొమ్మిది వందల ముప్పై ఏడు ఉగాదినాడు మా పంచలో నిలబడి నువ్వు మీ అక్కకు ఒక మాట ఇచ్చావు. "అక్కా, ఈ బండిలో మొదట కూర్చునేది నువ్వే. పై ఆదివారం నిన్ను వినుకొండ దాకా తిప్పుకొస్తా" అన్నావు. రాఘవమ్మ ఆ ఆదివారం పెళ్ళినాటి చీర కట్టుకుని కూర్చుంది. అప్పటికి నువ్వూ బండీ నెల్లూరు దాటిపోయారు.

గుంటూరు వదిలి పోతున్న పొగాకు దొర దగ్గర మనమిద్దరం కలిసి కొన్న బండి అది. రెండు సీట్ల ఎం.జి., తీగల చక్రాలు, ఎర్ర రంగు. ఐదేళ్ళు మద్రాసులో షికార్లు చేశావు. యుద్ధంలో పెట్రోలు దొరకని రోజుల్లో, ఇంజను పట్టేశాక, గూడ్సులో వేసి నాకు పంపావు. పదిహేడేళ్ళుగా అది మా పొగాకు కాల్చే బ్యారన్‌లో ఉంది. ఎలుకలు సీట్లు తిన్నాయి. చెదలు చెక్క చట్రం తిన్నాయి.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటావా? నేను రిటైరై రెండేళ్ళయింది. నలభై ఏళ్ళు చరిత్ర చెప్పిన బళ్ళో వీడ్కోలు సభ పెట్టి, దండ వేసి, నా పేరు ఆంజనేయశర్మ అని చదివారు. చదివినవాడు నా శిష్యుడే. ఆ రోజే అనుకున్నాను, ఇక మనుషులను బాగుచేసే పని చాలని. పోయిన వారం విత్తనాల బస్తా కోసం బ్యారన్‌లోకి వెళితే మీ అక్క అక్కడుంది. పమిట చెంగుతో ఆ బండి సీటు తుడుస్తోంది. నన్ను చూసి, "దుమ్ము పట్టిందండీ" అంది. ఇరవై రెండేళ్ళలో ఆ బండి గురించి ఆమె ఎత్తిన మాట అదొక్కటే.

అందుకని దాన్ని బయటికి తీస్తున్నాను. ఈ బండిలో ఆమె వినుకొండ వెళుతుంది. నువ్వు తీసుకెళ్ళలేదు కాబట్టి నేను తీసుకెళతాను. నీ దగ్గర దీని పుస్తకం ఉంటే పంపు. సలహాలు అక్కరలేదు.

మీ బావ,
సీతారామాంజనేయులు


మద్రాసు,
28–11–1959

పూజ్యులైన బావగారికి చలమయ్య నమస్కారాలు.

మీ తిట్లన్నీ క్షేమంగా అందాయి. అక్క విషయంలో మీరన్నది నిజం. అప్పుడు నాకు ఇరవై ఒకటి. స్నేహితులు మద్రాసు రమ్మన్నారు, వెళ్ళాను. తిరిగి రావటానికి మొహం చెల్లలేదు. అంతే.

బండి బయటికి వస్తోందంటే మా వాళ్ళంతా ఎగిరి గంతేశారు. మా మోటారు క్లబ్బులో పదిహేను మందిమి ఉన్నాం. ఆదివారమైతే షోళవరం విమానాల మైదానంలో పాత బళ్ళు తోలతాం. తోలేది గంట, కింద పడుకుని రిపేరు చేసేది ఆరు గంటలు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసిన ఒకాయన ఉన్నారు, నాలుగేళ్ళుగా ఒకే కార్బురేటరును విప్పుతూ బిగిస్తూ ఉన్నారు. వాళ్ళావిడ టిఫిను డబ్బాలో చీటీ పెట్టి పంపుతుంది, "దాన్నే పెళ్ళి చేసుకోకపోయారా" అని. మీరు మా మధ్య ఉంటే భలే ఉండేది బావా. అందరినీ ఏడిపించేవారు.

పుస్తకం క్లబ్బుది, బయటికి ఇవ్వరు. ఇంజను భాగం వరకు టైపు చేయించి పంపుతున్నాను. మిగతా పని ఏది చేసినా ముందు నాకొక కార్డు రాయండి. ముఖ్యంగా చక్రాలు బిగించే రోజు నేనక్కడ ఉండాలి. తీగల చక్రాలకు కొన్ని కిటుకులున్నాయి, అవి కాగితం మీద చెప్పే కంటే చేత్తో చూపించటం తేలిక.

అక్కకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఆ బండి నేలకు జానెడెత్తులో ఉంటుంది, ఎక్కటం దిగటం కష్టం. తలుపు పక్కన పీట వేయండి.

మీ చలమయ్య


తూర్పుపాలెం,
17–1–1960

చలమయ్యకు,

కాలువ వస్తుందని ఇక్కడ అందరూ పగటికలలు కంటున్నారు. సర్వేవాళ్ళు పాతిన రాయి చూసి భూమి రేటు చెప్పేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళ సంగతి వదిలేయి. ఈ ఏడు మిరప బాగా కాసింది. కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి, ఊరంతా తుమ్ములు.

బండి పని సాగుతోంది. మనకిక్కడ క్లబ్బు లేదు గాని ఇద్దరు దొరికారు. నరసరావుపేటలో బస్సుల మెకానిక్కు గౌస్ బాషా, మా ఊళ్ళో ఎద్దుబళ్ళు చేసే వడ్రంగి పేరయ్య. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బ్యారన్ దగ్గరికి వస్తారు, చీకటి పడ్డాక వాళ్ళ భార్యలు కబురు పంపితే వెళతారు. చెదలు తిన్న చట్రాన్ని పేరయ్య నల్లతుమ్మతో మళ్ళీ చేశాడు. బాషా ఇంజను విప్పాడు, దానికి రింగులు కావాలి. వచ్చే వారం మద్రాసు వస్తున్నాడు, నీ వర్కుషాపుకు పంపుతాను.

వీళ్ళ మాటలు వింటే నీ బ్యాంకు పెద్దమనిషి కార్బురేటరు వదిలేసి పారిపోతాడు.

"ఏరా పేరయ్యా, ఇదేమన్నా ఎద్దులబండి అనుకున్నావా, బాడిసెతో చెక్కుతున్నావ్?"

"చక్రాలున్నయ్యన్నీ బళ్ళే బాషా. నీ బస్సుకి పొగొస్తది, నా బండికి పేడొస్తది. నీదాంతో పిడకలు చెయ్యి చూద్దాం."

ముఖ్యమైన సంగతి ఒకటి. చక్రం వెళ్ళి కూర్చునే హబ్బులున్నాయి చూడు, వాటి పళ్ళు నాలుగింటికీ ఒకవైపు అరిగి కత్తుల్లా ఉన్నాయి. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? అప్పుడు పేరయ్య అన్నాడు, "మాస్టారూ, కోతలయినాక మనం బండి చక్రాలు అటుదిటు మార్చమా? ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అరగని వైపు పనిలోకి వస్తది. ఇయ్యి కూడా అట్టనే మార్చండి." ఎంత చదివినా మనకు తట్టని ఆలోచన! నాలుగు హబ్బులూ మార్చేశాం. పళ్ళు కొత్తవాటిలాగా పట్టుకున్నాయి.

బాషా ఒక్కడే గునిశాడు. "మాస్టారూ, ఒక పక్క హబ్బులకి నట్టు కుడికి తిప్పితే బిగిసే కుడి మర, రెండో పక్కవాటికి ఎడమకి తిప్పితే బిగిసే ఎడమ మర ఉంది. తయారుచేసినోడు ఊరికే పెట్టడు గదండీ" అన్నాడు. నేను చెప్పాను, ఇది గుర్రపుబగ్గీల నాటి అలవాటని. సుత్తితో కొట్టి బిగించే చెవుల నట్టు కదా, మనిషి ఏ పక్క నిలబడ్డా దెబ్బ ఒకే దిక్కుకు పడేటట్టు ఇంగ్లీషువాడు పెట్టుకున్న ముచ్చట అది. అలవాట్లకు కారణాలుండవు, వయసే ఉంటుంది. "మీరు చెప్పినాక ఇంకేముంది మాస్టారూ" అన్నాడు.

టైర్లు మాత్రం లేవు. ఆ కొలతవి గుంటూరులో ఎవరి దగ్గరా లేవట. ఉగాది దాటుతుందేమో.

మీ అక్క రోజూ సాయంత్రం వచ్చి చట్రం మీద పీట వేసుకుని కూర్చుంటోంది. నేను పేరయ్యను కేకలేస్తుంటే, "పట్టించుకోకు పేరయ్యా, ఆయన అట్లాగే అంటారు. అన్నవి ఏవీ చెయ్యరు" అంటుంది. ఇదీ ఈ ఇంట్లో నాకున్న మర్యాద.

మీ బావ


తూర్పుపాలెం,
9–2–1960

చలమయ్యకు,

గౌస్ బాషా మొన్న తిరిగొచ్చాడు. రింగులు తెచ్చాడు. వాటితో బాటు నీ బుద్ధి కూడా తెచ్చాడు.

నీ వర్కుషాపుకు వెళితే నువ్వు లేవట. నీ గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "ఆయన ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళారు, గుంటూరు బండి కాగితాల పని మీద" అన్నాడు. బండి రిజిస్ట్రేషను ఇంకా నీ పేరునే ఉందని నాకు తెలియదనుకున్నావా? పదిహేడేళ్ళు తుప్పు పట్టినప్పుడు అది నాది. ఇంజను తిరిగేసరికి నీదయింది. నీ క్లబ్బువాళ్ళ ముందు నిలబెట్టుకుని ఫొటో తీయించుకోవాలి కదూ!

నీ ప్లీడరు నోటీసు పంపు. రిజిస్టరులో నీ దగ్గర నుంచి ఏది వచ్చినా ఎడమ చేత్తో కూడా ముట్టను. ఈ మాట మీ అక్క ముందే అన్నాను, వీధిలో నిలబడి అన్నాను, ఊరంతా విన్నది. ఆ కాగితం ఈ గడప తొక్కిన రోజున నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కవు.

సీతారామాంజనేయులు


మద్రాసు,
26–2–1960

బావగారికి,

నేను పంపిన రిజిస్టరు కవరు ఈ నెల ఇరవైన తిరిగి వచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో "తీసుకొనుటకు నిరాకరించిరి" అని రాసి ఉంది. మీ ఉత్తరం అంతకు ముందే అందింది. అన్నంత పనీ చేశారన్నమాట.

అందులో ఏముందో మళ్ళీ రాయను. మీకు కావాలనిపిస్తే అడగండి. టైర్లు లేకుండా బండి ఎలాగూ కదలదు. ఉగాదికి నేనే వస్తాను. గడప తొక్కనివ్వకపోతే బ్యారన్ దగ్గర నిలబడతాను.

అక్కకు చెప్పండి.

చలమయ్య


తూర్పుపాలెం,
14–3–1960

చలమయ్యా,

తంతి అందగానే వచ్చావు. పది రోజులూ అరుగు మీద కూర్చున్నావు. నేను లోపల కట్లతో పడుకున్నాను. నీతో ఒక్క మాట మాట్లాడలేదు, నువ్వూ నన్ను పలకరించలేదు. పెద్దకర్మ అయిన సాయంత్రమే వెళ్ళిపోయావు. నిన్న చూరులో దోపి ఉన్న కార్డు కనిపించింది, నువ్వు ఇరవయ్యారున రాసింది. మీ అక్కను శ్మశానానికి తీసుకెళ్ళిన రోజున వచ్చి ఉంటుంది. పోస్టుమాన్ బుడే ఎవరికివ్వాలో తెలియక దోపి పోయినట్టున్నాడు.

ఏ రిజిస్టరు కవరు? నాకేదీ రాలేదు. నేనేదీ తిప్పి పంపలేదు. పంపుతానని అరిచాను, నిజమే. అరవటం వేరు. రానిదాన్ని ఎట్లా తిప్పి పంపుతాను? చావు జరిగాక తప్పు నీ మీద పడకుండా కథ అల్లుతున్నావా అంటే, కార్డు మీద ముద్ర అంతకు ముందుదే. నాకు అర్థం కావటం లేదు.

నీకెవరూ సరిగా చెప్పి ఉండరు, విను. ఇరవయ్యారున బాషా నాలుగు టైర్లూ పట్టుకొచ్చాడు, గుంటూరులో ఏ పాత సరుకుల కొట్లోనో దొరికాయట. ఇరవై ఎనిమిది ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి మీ అక్క పీట మీద కాలు పెట్టి ఎక్కింది. బాషా, పేరయ్య కొబ్బరికాయ కొట్టారు. చక్రాల నట్లు నా కళ్ళ ముందే బాషా చెక్క సుత్తితో బిగించాడు.

ఐదు మైళ్ళు వెళ్ళాం.  తల మీద కొంగు ఎగిరిపోతే ఆమె పట్టుకోలేదు. ఒకసారి, "ఇంకొంచెం జోరుగా తోలండి" అంది. తోలాను. తూము దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది. అక్కడ ఆమె చెయ్యి చాపి, "ఏమండీ, అటు చూడండి, ఎవరిదో చక్రం పోతోంది" అంది.

మాదే. ముందరి ఎడమ చక్రం. అది మాకంటే ముందు రోడ్డు దిగి, ఎవరిదో కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదుగా పోయి పడింది. బండి ఆమె వైపుకు ఒరిగి తూములో తిరగబడింది. నాకు కాలు, జబ్బ ఎముక విరిగాయి. ఆమెకు పైకి దెబ్బ కనపడలేదు. మిరపకాయల వాళ్ళు వచ్చి ఎత్తేసరికి అయిపోయింది.

బాషా నట్టు సరిగా బిగించలేదు. ఆ మాట వాడి మొహాన అన్నాను. వాడు ఏడ్చుకుంటూ, "అల్లా తోడు మాస్టారూ, బిగించాను" అన్నాడు. మళ్ళీ నా ఇంటికి రావద్దన్నాను. నువ్వు మొదటి ఉత్తరంలో చక్రాలు బిగించే రోజుకు వస్తానన్నావు. రాలేదు. అది కూడా మర్చిపోను.

సీతారామాంజనేయులు


మద్రాసు,
2–4–1960

బావా,

తిరిగి వచ్చిన కవరును ఇంకో కవరులో పెట్టి పంపుతున్నాను. నేను విప్పలేదు. లక్క ముద్ర అట్లాగే ఉంది. తేదీ చూడండి, ఫిబ్రవరి ఎనిమిది. ఎర్ర సిరా చూడండి, ఫిబ్రవరి పన్నెండు. నేనేదీ అల్లలేదు.

అరుగు మీద కూర్చున్న పది రోజులూ మీతో అందామనుకుని అనలేకపోయిన మాట ఇందులో ఉంది. నేను చెప్పను. మీరే విప్పండి.

తిరిగి వచ్చిన రోజునే నేను తంతి ఇవ్వవలసింది. లేకపోతే రాత్రి మెయిలెక్కవలసింది. ఆరు రోజులు అలిగి కూర్చున్నాను, ఏడో రోజు కార్డు రాశాను. దాంట్లో కూడా అసలు సంగతి రాయలేదు. మీరు బతిమాలుకోవాలని. టైర్లు లేవన్న ధైర్యంతో. రోజూ నిద్ర లేవగానే ఈ లెక్కే. బళ్ళ జోలికి ఇక వెళ్ళటం లేదు. క్లబ్బుకు రాజీనామా ఇచ్చాను.

గౌస్ బాషాను ఏమీ అనకండి.

చలమయ్య


తూర్పుపాలెం,
23–8–1964

చలమయ్యా,

నాలుగేళ్ళకు జవాబు రాస్తున్నాను. నీ కవరు ఇన్నాళ్ళూ పెట్టె అడుగున ఉంది. విప్పలేదు. తీసుకోనని నేను అనలేదు కాబట్టి, నువ్వు పోస్టులో ఎవరినో పట్టుకుని ఆ ఎర్ర సిరా రాయించావని నమ్మాను. నమ్మటానికి ఏదో ఒకటి కావాలి. నేను చదివిన చరిత్రంతా మనుషులు అట్లా నమ్మినవాటితోనే నిండి ఉంది. చదివి ఏం లాభం?

మొన్న బుడే రిటైరయ్యాడు. వీడ్కోలుకు నన్ను పిలవటానికి వచ్చి, పిలవకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

"అయ్యగారూ, ఒక మాట దాచాను. ఉద్యోగం పోతుందని దాచాను. ఇంక పోయేదానికేం లేదు" అన్నాడు.

ఆ రోజున నేను బ్యారన్‌లో ఉన్నానట. వాడు రిజిస్టరు తీసుకొస్తే గుమ్మంలో మీ అక్క ఎదురైందట. కవరు తిప్పి చూసి, "మా తమ్ముడు పంపింది. ప్లీడరు కాగితం ఇది. ఆయన కంట బడితే వాణ్ణి జన్మలో గడప తొక్కనివ్వరు. వెనక్కి పంపెయ్యి బుడే" అందట.

"అయ్యగారినొక మాట అడగొద్దా అమ్మా?"

"అడిగేదేముంది, ఊరంతా వినేట్టు చెప్పారుగా. తీసుకోనన్నారని రాయి. ఈ బండెక్కే ముచ్చట కాస్తా తీరనియ్యి, తర్వాత వాళ్ళిద్దరికీ నేనే సర్దిచెప్తా."

వాడు అక్కడే నిలబడి ఎర్ర సిరాతో రాశాడట. ఆమె వాడికి మజ్జిగ ఇచ్చిందట.

వాడు వెళ్ళాక నీ కవరు విప్పాను. మొదట బండి బదిలీ కాగితం వచ్చింది. నీ సంతకం ఉంది. కొనుగోలుదారు అన్నచోట అక్షరాలు కుదురుగా టైపు చేయించి ఉన్నాయి, మీ అక్క పేరు. ప్లీడరు దగ్గరికి వెళ్ళింది అందుకు. కాగితం పోకూడదని రిజిస్టరు చేశావు. దాని వెనక నీ ఉత్తరం. అందులో ఈ నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి: "బావా, హబ్బులు అటుదిటు మార్చామని రాశారు, వెంటనే మళ్ళీ యథాస్థానంలో పెట్టండి. కుడి పక్కది ఎడమ మర, ఎడమ పక్కది కుడి మర ఉండాలి. అట్లా ఉంటేనే చక్రం తిరిగే కొద్దీ నట్టు బిగుస్తుంది. తారుమారైతే ఎంత కొట్టి బిగించినా ఐదారు మైళ్ళలో తనంతట తనే ఊడి వస్తుంది."

ఐదు మైళ్ళు. నీ లెక్క తప్పలేదు.

మర్నాడు నరసరావుపేట వెళ్ళాను. గౌస్ బాషా బస్సు కింద నుంచి లేచి వచ్చి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. అంతా చెప్పాను. నట్టు నువ్వు సరిగానే బిగించావన్నాను, నువ్వడిగిన ప్రశ్నకు నేను చెప్పింది అబద్ధం, తెలియదని చెప్పటానికి సిగ్గుపడి అల్లి చెప్పానన్నాను. వాడు చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "ఆ టైర్లు నేను తేకపోయినా బాగుండేది మాస్టారూ" అన్నాడు. నన్ను క్షమించినట్టు మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

పేరయ్యకు చెప్పలేదు. చక్రాలు మార్చమన్నది తనే అని తెలిసి వాడు ఏం చేసుకుంటాడు? నువ్వూ ఎవరికీ చెప్పకు.

ఇక నీ సంగతి. నువ్వు అలిగావు, కార్డులో అసలు సంగతి రాయలేదు. నీ స్థానంలో ఉంటే నేను ఆ కార్డు కూడా రాసి ఉండను. కాబట్టి నిన్ను ఏమీ అనటానికి లేదు. నేను హబ్బులు మార్చాను, తెలియనిది తెలిసినట్టు చెప్పాను, వీధిలో నిలబడి అరిచాను. నా వంతు నాకు తెలుసు, దాన్ని తగ్గించమని ఎవరినీ అడగటం లేదు. ఈ వయసులో నాకిక వేరే పని లేదు, దాన్ని మోస్తూ తిరగటమే.

ఉగాదికి రావాలనుంటే రా. గడప అక్కడే ఉంది. బండిని తూము దగ్గర నుంచి తెచ్చి మళ్ళీ బ్యారన్‌లోనే పెట్టించాను. ఇంజను బాగానే ఉంది. కావాలంటే నీ క్లబ్బువాళ్ళకు ఇచ్చెయ్, లేకపోతే తుప్పు పట్టనీ. బదిలీ కాగితం మాత్రం ఇవ్వను.

ఇదంతా తెలిశాక ఇంకా ఎవరి మీద కోపం అని నువ్వడగవు గాని, చెబుతాను. ముప్పై నాలుగేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. ఇల్లు అమ్మేస్తానని అరిచాను, నమ్మలేదు. నీ మొహం చూడనని పదిసార్లు అన్నాను, పదిసార్లూ నవ్వింది. నూతిలో దూకుతానంటే, "చేద కూడా తీసుకెళ్ళండి, నీళ్ళు తెద్దురు" అంది. నేను అన్నవి ఏవీ చెయ్యనని పేరయ్యతో సహా ఊరందరికీ చెప్పింది. అన్నీ తెలిసినది, ఆ ఒక్క మాట ఎందుకు నమ్మింది? ఆ కవరు తెచ్చి నా మొహాన కొడితే రెండు కేకలు వేసి విప్పేవాణ్ణి కదా. అది ఆమెకు తెలియదా? ఎంత ఆలోచించినా దీనికి జవాబు దొరకటం లేదు. అందుకే చలమయ్యా, నీ మీద నాకు కోపం లేదు, బుడే మీద లేదు, బాషా మీద లేదు. నేనింకా క్షమించలేనిది రాఘవమ్మని.